మిస్సింగ్ కొట్టే మాట

పొద్దున అయిదుంబావుకల్లా మణికొండలోని ఆ సందులో పెంటయ్య తన కారు స్టార్ట్ చేసేవాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఒక నిమిషం ఊరుకునేవాడు. తరువాత ఇంటి వైపు తిరిగి, రోజూ ఒకేలా, సందంతా వినపడేలా కేక వేసేవాడు.

"కొమురమ్మా, చాయ్ తే, పోతున్న!"

ఆ మాట ఎక్కడా ఆగకుండా వచ్చిందంటే బండి బాగున్నట్టు. మధ్యలో తట్టుకుందంటే బండిలో ఏదో తేడా వచ్చినట్టు. ఆ కారు కొన్న పదమూడేళ్ల నుంచీ అంతే. బండికి ఏమైతే పెంటయ్య మాటకీ అదే అయ్యేది. ప్లగ్గులకు మసి పట్టిన ఏడాది ఆయన గొంతు కీచుమంది. పెట్రోల్ ఫిల్టర్ మూసుకుపోయిన వారం మాట మొదలుపెట్టి సగంలోనే చల్లారిపోయేవాడు. మెకానిక్ ఆ సామాను మార్చిన పూటే మాట కూడా తేరుకునేది. సందులోవాళ్లకు ఇదేం వింత కాదు. ఎదురింటి కమలమ్మకు వాన వచ్చే ముందు మోకాళ్లు నొప్పి పెట్టేవి, ఈయనకు బండి పాడైతే నాలుక తడబడేది. "ఏం పెంటన్నా, బండి షెడ్డుకు తీస్కపోయే టైమొచ్చినట్టుంది" అని పాలు పోయించుకుంటూ అనేవాళ్లు. అంతటితో ఆ సంగతి అయిపోయేది.

ఆయన కారు హైటెక్ సిటీలోని ఒక పెద్ద ఆఫీసు బిల్డింగుకు, కాంట్రాక్టరు కింద తిరిగేది. పొద్దున రాత్రి షిఫ్టువాళ్లను ఇళ్లకు చేర్చి, పగటివాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని ఆఫీసులో దింపడం, సాయంత్రం తిరిగి ఇళ్లకు చేర్చడం. కొమురమ్మ అదే బిల్డింగులో హౌస్ కీపింగ్ చేసేది. భార్యాభర్తలు ఒకే గేటు లోంచి పోయేవాళ్లు గానీ ఆమె సర్వీసు లిఫ్టు ఎక్కేది, ఆయన బేస్‌మెంటుకు దిగేవాడు.

ఆ జూలైలో ఒక సాయంత్రం కుండపోతగా కురిసింది. కొండాపూర్ రోడ్డు మీద మోకాటి లోతు నీళ్లలో కారు గంటన్నర నిలబడిపోయింది. అప్పటికి ఏమీ కాలేదు. పది రోజులు గడిచాక బండి మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజన్ కుదురుగా ఉండేది కాదు. యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఆర్పీఎం ముల్లు తనంతట తానే లేచేది, పడేది, మళ్లీ లేచేది. సీటు కింద ఎవరో కూర్చుని కాలు ఊపుతున్నట్టు బండంతా వణికేది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం కాసేపు వెలిగేది, కాసేపు ఆరేది.

పెంటయ్య కూడా అలాగే అయ్యాడు. చాయ్ తాగడానికి కూర్చుంటే సగంలో లేచేవాడు. లేచి ఎక్కడికి పోవాలో తెలియక గడపలో నిలబడేవాడు. మాట్లాడబోతే ఒక్కో మాట దగ్గర ఒక్కో చోట ఆగిపోయి, ఆగిన అక్షరాన్నే నాలుగైదు సార్లు కొట్టేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అజయ్‌కి ప్రమాదం జరిగింది.

అజయ్ ఆ బిల్డింగులో సెక్యూరిటీ గార్డు. జనగామ వైపు నుంచి వచ్చినవాడు, ముప్పై దాటలేదు. బస్సులు, క్యాబులు ఆగే చోట రాత్రి డ్యూటీ చేసేవాడు. పొద్దున ఆరున్నరకు, ఇంకో అరగంటలో డ్యూటీ దిగుతాడనగా, కాంట్రాక్టరు బస్సొకటి వెనక్కి వస్తూ అతన్ని గుద్దింది. కాలు రెండు చోట్ల విరిగింది, తలకు దెబ్బ తగిలింది. ఆ మూలకు ఉన్న కెమెరా ముందు ఏదో పండగ ఫ్లెక్సీ కట్టి ఉంది. బస్సు ఖాళీగా ఉంది. చూసినవాడు ఒక్కడే, ఎదురుగా తన కారులో కూర్చుని ఉన్న పెంటయ్య.

ఆ పూటే, పెంటయ్య పగటివాళ్లను తెస్తుంటే, కాంట్రాక్టరు సూపర్‌వైజర్ ఓంకార్ ఒక కాగితం పట్టుకుని గేటు బయటే కారు ఆపాడు. వెనక సీట్లో ముగ్గురు ఉద్యోగులు తొందరపడుతున్నారు.

"నువ్వు చూసినవటగా పెంటయ్యా. ఏం జరిగింది, జల్ది చెప్పు."

"అజయ్... అజయ్ నిద్రపో... పో... పో..."

ఆయన చెప్పబోయింది నిద్రపోలేదని. బస్సు డ్రైవరు అప్పటికే అజయ్ బస్సు వెనక కూర్చుని కునుకు తీశాడని చెబుతున్నాడు, అది అబద్ధమని చెప్పాలని ఆయన తపన. కానీ మాట 'పో' దగ్గర తట్టుకుని నిలిచిపోయింది. లేదన్నదీ ఉన్నదన్నదీ చివర్లోనే కదా తేలేది.

"నిద్రపోయిండు. గంతేగా?" అని ఓంకార్ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసుకున్నాడు. పెంటయ్య తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "సంతకం పెట్టు. నువ్వు ఆడ ఉన్నవని రాసిన, అంతే. ఎనక మేడమోళ్లు లేటైతున్నరు."

ఐదో తరగతితో చదువు ఆపేసిన పెంటయ్య ఆ కాగితాన్ని చదవలేకపోయాడు. వెనక నుంచి "అంకుల్, లాగిన్ టైమ్" అన్నారు. సంతకం పెట్టాడు.

రెండు రోజుల తరువాత పదో అంతస్తులో బల్లలు తుడుస్తుండగా కొమురమ్మ చెవిన పడింది. అజయ్ డ్యూటీలో పడుకున్నాడని పెంటయ్యే సాక్ష్యం రాసిచ్చాడట. అందుకని కంపెనీవాళ్లు తప్పు అజయ్‌దే అంటున్నారు, ఉద్యోగం తీసేస్తారట, కాలికి ఇంకో ఆపరేషన్ ఉందిగానీ దానికి తమకు సంబంధం లేదంటున్నారట.

ఆ సాయంత్రం ఆమె మొగుణ్ణి గడపలోనే నిలేసింది. "ఏందయ్యా నువ్వు చేసిన పని? నిద్రపోయిండని చెప్పినవా?"

"లే... లే..." అన్నాడు పెంటయ్య. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఒక్క మాట రావడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు ఓంకార్ దగ్గరికి పోయి చెప్పబోయాడు. ఓంకార్ కాసేపు విని నవ్వాడు. "ముందుగాల బండి బాగుచేయించుకో. తర్వాత మాట్లాడుదువు."

ఒక్కరోజు బండి ఆపినా కిరాయి పోతుందని పెంటయ్య రెండు వారాలు అలాగే నడిపాడు. ఇక కొమురమ్మ ఊరుకోలేదు. పక్కింటి అమ్మాయితో ఒక తెలుగు కాగితం రాయించి, బిల్డింగు వ్యవహారాలన్నీ చూసే కిరణ్మయి మేడంకి స్వయంగా ఇచ్చింది. కిరణ్మయిది కాకినాడ. గట్టి మనిషి అని పేరు గానీ ఎవరినీ కసురుకోదు. కాగితం రెండు సార్లు చదివింది.

"చూడమ్మా, ఆయన సంతకం పెట్టిన కాగితం ఒకటి ఇప్పటికే ఫైల్లో ఉంది. దాన్ని ఇంకో కాగితంతో మార్చడానికి నాకు వీల్లేదు. శుక్రవారం పదకొండింటికి దీని మీద ఆఖరి మీటింగ్ ఉంది. ఆయన్నే వచ్చి నోటితో చెప్పమనండి."

"ఆయనకు మాట వస్తలేదు మేడం. బండి ఖరాబైంది."

"ఓహో" అంది కిరణ్మయి. క్యాలెండర్ చూసుకుంది. "శుక్రవారం లోపు బాగు చేయించగలరా?"

ఇక ఆశంతా రజిత మీదే. మదీనాగూడలో హైవే వెనక సందులో ఆమెకు చిన్న షెడ్డు ఉంది. మియాపూర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర వైరింగ్ నేర్చుకుని, పదేళ్లుగా సొంతంగా బండ్లు చూస్తోంది. పెంటయ్య కారును ఆమె తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు. ఆమె దగ్గర బండిలో లోపం పేరు చూపించే స్కానర్ ఉంది, దానికి తోడు పెంటయ్య నోరు ఉంది. ఇన్నేళ్లలో ఆమెకు ఒక లెక్క దొరికింది. ఇంజన్‌లోని నాలుగు సిలిండర్లలో మొదటిది కొట్టకపోతే, అంటే సరిగా మండకపోతే, పెంటయ్య 'క' దగ్గర ఆగేవాడు. రెండోది కొట్టకపోతే 'చ' దగ్గర. మూడోదైతే 'త'. నాలుగోదైతే 'ప'. ఆయనతో నాలుగు మాటలు చెప్పించి నేరుగా ఆ సిలిండర్ మీదికే పోయేది.

సోమవారం బండి షెడ్డుకు వచ్చింది. స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సర్ పోయిందని చూపించింది. రజిత సైలెన్సర్ గొట్టం దగ్గరున్న ఆ సెన్సర్ విప్పి కొత్తది బిగించింది. ఆ సాయంత్రానికి మళ్లీ వణుకు, మళ్లీ పసుపు దీపం. మంగళవారం స్కానర్ ఇంకో పేరు చెప్పింది. ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ అంది. అదీ మార్చింది. బుధవారం నాలుగో సిలిండర్‌కు నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ అంది. ఆ కాయిల్ తీసి రెండో దానికి పెట్టి చూసింది. లోపం కాయిల్‌తోపాటు కదల్లేదు, అంటే కాయిల్ బాగానే ఉంది. గురువారం నాడు ఏకంగా మూడు పేర్లు చూపించింది.

"నన్ను తిట్టన్నా" అంది రజిత. చేతులు తుడుచుకుంటూ షెడ్డులో అటూ ఇటూ తిరిగింది. "నాలుగు దినాల సంది మిషన్ చెప్పిందల్లా నమ్ముకుంట పోయిన. సామాను మార్చుడే గాని రోగం పట్టలే."

పెంటయ్య ఏదో అనబోయాడు. రాలేదు. చెయ్యి ఊపి ఊరుకున్నాడు. స్టూలు మీద కూర్చున్నాడు గానీ మోకాలు ఆగడం లేదు, స్టూలు టకటకమంటోంది. పక్కన ఇంజన్ కూడా అదే తాళంలో వణుకుతోంది.

శుక్రవారం పొద్దున ఆరున్నరకే ఇద్దరూ షెడ్డులో ఉన్నారు. రజిత స్కానర్ తీసి పక్కన పడేసింది. ఒక అట్టముక్క, స్కెచ్ పెన్ను తీసుకుంది.

"నువ్వు రోజు పొద్దుగాల అనే మాట అను."

"కొ... కొ... కొమురమ్మా, చాయ్ తే, పోతున్న."

"మళ్లా అను."

"కొమురమ్మా, చా... చా... తే, పోతున్న."

ఇరవై సార్లు అనిపించింది. ఎక్కడ ఆగితే అక్కడ అట్ట మీద గీత పెట్టింది. చూస్తే గీతలు అన్ని చోట్లా పడ్డాయి. 'క' కింద ఆరు, 'చ' కింద నాలుగు, 'త' కింద అయిదు, 'ప' కింద అయిదు. రజిత ఆ అట్టను చాలాసేపు చూసింది.

"ఒక్క సిలిండర్ ఖరాబైతే నువ్వు ఒక్క అక్షరం కాడనే ఆగాలె. నువ్వు అన్నింటి కాడ ఆగుతున్నవ్. అంటే నాలుగింటికి కలిపి ఏదో ఒక్కటి ఉంది" అంది. మళ్లీ తనలో తానే అనుకున్నట్టు, "సెన్సర్లు అబద్ధం చెప్తలేవన్నా. రోజుకొక్క సెన్సర్ పేరు వస్తుందంటే, అవి నిలబడ్డ నేలే మంచిగ లేదు. ఎర్త్!"

మీటరు తీసింది. ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొన ఇంజన్ ఇనుము మీద పెట్టి, బండి నడుస్తుండగా లైట్లు వేయించింది. ఎర్త్ బాగుంటే మీటరు సున్నా దగ్గరే ఉండాలి. అది దగ్గరదగ్గర ఒక వోల్టు చూపించింది, నిలకడ లేకుండా ఊగుతూ. బండి కింద దూరింది. ఇంజన్‌ను బాడీకి కలిపే అల్లిక తీగ ఒకటి గేర్‌బాక్స్ పక్కన బోల్టుతో బిగించి ఉంటుంది. పైన నల్లటి బురద గట్టిపడి ఉంది. గీకితే కింద ఆకుపచ్చగా చిలుము పట్టిన తీగ, సగం పోగులు తెగిపోయి కనిపించింది. ఆ వాన నీళ్లు చేసిన పని అది.

"దొరికింది!" అని కింద నుంచే అరిచింది. అప్పటికి తొమ్మిదిన్నర. తీగ మార్చడానికి పది నిమిషాలు చాలు. పానా పెట్టి బోల్టు తిప్పింది. తుప్పు పట్టిన బోల్టు తల పుటుక్కున విరిగి ఆమె చేతిలోకి వచ్చింది. మిగిలింది రంధ్రంలోనే ఉండిపోయింది. దాన్ని డ్రిల్లు పెట్టి తీయాలంటే రెండు గంటలు పడుతుంది.

మీటింగుకు ఇంక గంటన్నర కూడా లేదు.

రజిత షెడ్డు మూలకు పోయింది. బ్యాటరీలు కలపడానికి వాడే లావాటి కేబుల్ ఒకటి తెచ్చింది. దాని ఒక క్లిప్పు బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఇంజన్ పక్కన చెవిలా పొడుచుకొచ్చిన ఇనుముకు పట్టించింది. వణుకు ఆగిపోయింది. ఆర్పీఎం ముల్లు గోడ మీద బల్లిలా కదలకుండా నిలిచింది.

"పోదాం పా చెల్లె, టైమైతుంది" అన్నాడు పెంటయ్య. అన్నాక తన మాట తానే విని ఉలిక్కిపడ్డాడు.

కొత్తగూడ దాకా మాట్లాడుతూనే వచ్చాడు. మూడు వారాలుగా లోపల పేరుకుపోయినదంతా వస్తోంది. ఆ పొద్దు ఏం చూశాడో, సంతకం ఎలా పెట్టాడో, రాత్రుళ్లు ఎందుకు నిద్ర రావడం లేదో. రజిత పక్క సీట్లో కూర్చుని గడియారం చూసుకుంటోంది. ట్రాఫిక్ కదలడం లేదు. పదీ నలభై. సందులోంచి తిప్పారు. ఒక స్పీడు బ్రేకర్ మీద కారు ఎగిరి పడింది. ఆ తరువాత సైబర్ టవర్స్ వైపు తిరిగేటప్పుడు పెంటయ్య "ఇగ వచ్చేసి... సి... సి..." అన్నాడు. ముల్లు లేచి పడింది.

బిల్డింగు రెండో బేస్‌మెంటులో బండి ఆపి బానెట్ ఎత్తారు. ఇంజన్ వైపున్న క్లిప్పు పళ్లు విరిగిపోయి వేలాడుతోంది. పట్టడం లేదు. పదకొండుకు అయిదు నిమిషాలుంది.

రజిత కత్తితో ఆ క్లిప్పు కోసేసింది. కేబుల్ కొనమీది రబ్బరు ఒలిచి, రాగి తీగను మెలిపెట్టి, ఇనుప చెవికి గట్టిగా అదిమిపట్టింది. వణుకు ఆగింది.

"నువ్వు పైకి పో అన్నా. ఇంజన్ ఆన్‌లనే ఉండనీ, ఎర్త్ దొరుకుతుందో లేదో నాకు ఎర్కవుతది. నేను పట్టుకుంట."

"ఎంతసేపు పట్టుకుంటవ్?"

"నువ్వు చెప్పేదాకా."

పెంటయ్య లిఫ్టు వైపు పరుగెత్తాడు.

పదో అంతస్తు గదిలో కిరణ్మయి, ఆమె పక్కన ఇద్దరు అధికారులు, ఎదురుగా ఓంకార్ ఉన్నారు. తలుపు దగ్గర కొమురమ్మ చీపురు పట్టుకుని, తుడవాల్సింది ఏమీ లేకపోయినా తుడుస్తోంది. ఆమె పక్కన ఒక గార్డు నిలబడ్డాడు. అతను అజయ్‌తో పాటు ఒకే గదిలో కిరాయికి ఉండేవాడు.

"కూర్చోండి పెంటయ్యగారూ" అంది కిరణ్మయి. "బండి బాగైందా?"

"అయింది మేడం. ఇప్పటికైతే అయింది."

ఓంకార్ తలెత్తి చూశాడు.

"సరే, నెమ్మదిగా చెప్పండి."

"ఆరోజు పొద్దుగాల ఆరున్నరకు నేను నైట్ షిఫ్టు ప్యాసింజర్ల కోసం చూస్కుంట బండిలనే కూసున్న మేడం. బస్సు నా ముంగట ఉంది. దానికి నాకు నడుమల అజయ్ నిలబడ్డడు. బస్సును ఎనకకు రానిస్తుండు, అది ఆయన డ్యూటీ..."

కింద బేస్‌మెంటులో ఇంజన్ వేడెక్కుతోంది. రజిత పట్టుకున్న ఇనుప చెవి కాలుతోంది. పాత గుడ్డ చుట్టుకుంది గానీ గుడ్డ లోంచి సెగ తగులుతోంది. ఒక పెద్దవయసు గార్డు వచ్చాడు.

"అమ్మా, ఈడ ఇంజన్ బంద్ చెయ్యాలె. రూల్."

"చేస్త తాతా. పైన అజయ్ గురించి పెంటన్న చెప్తుండు. ఎర్త్ నా చేతిల ఉంది."

పెద్దాయన ఆమె చేతినీ, వణకని ఇంజన్‌నీ చూశాడు. భుజం మీది వాకీటాకీ తీసి, పైన తలుపు దగ్గరున్న గార్డును పిలిచాడు. "మాట ఎట్లొస్తుంది?"

"మంచిగొస్తుంది" అని గుసగుసగా జవాబు వచ్చింది.

ఇంకో ఇద్దరు గార్డులు ర్యాంపు మీద నుంచి దిగి వచ్చారు. వెనకాలే హౌస్ కీపింగ్ రాజమ్మ తడి గుడ్డ తెచ్చింది. రజిత చెయ్యి మార్చుకోబోయింది. "ఇగ నాకియ్యి బిడ్డా" అని పెద్దాయన చెయ్యి చాపాడు. మార్చుకుంటుండగా తడి గుడ్డ జారింది. కేబుల్ కొన ఆమె వేళ్ల లోంచి తప్పించుకుని ఇంజన్ సందులోంచి కిందికి పడిపోయింది. కారు గజగజ వణికింది.

సరిగ్గా అప్పుడు పైన పెంటయ్య అంటున్నాడు.

"బస్సు ఆగుతలేదని విజిల్ ఊదిండు మేడం. బస్సు మీద చేతితోని కొట్టిండు. ఎవలో ఏదో రాసిండ్రు గాని, అజయ్ నిద్రపో... పో... పో..."

పెంటయ్య మెడ నరాలు ఉబ్బాయి. 'పో' తప్ప ఇంకేదీ రావడం లేదు.

ఓంకార్ ముందుకు వంగాడు. "చూసిండ్రు గద మేడం. ఆరోజు గూడ ఇదే చెప్పిండు. నిద్రపోయిండు. రాసుకోండి."

తలుపు దగ్గరున్న గార్డు వాకీటాకీని నోటికి ఆనించుకున్నాడు. "ఆగిపోయింది. మాట ఆగిపోయింది. జల్ది!"

కింద రజిత నేల మీద పడుకుని కారు కిందికి చెయ్యి చాపింది. వేళ్లకు కేబుల్ అందీ అందడం లేదు. రాజమ్మ చీపురు కర్ర తోసింది.

కిరణ్మయి పెన్ను పట్టుకుని ఉంది. రాయలేదు. పెన్ను బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుంది.

"మీరు ఆగండి ఓంకార్ గారూ. ఆయన మాట ఆయన్నే పూర్తి చెయ్యనివ్వండి."

"ఎంతసేపు మేడం..."

"పూర్తయ్యేదాకా."

గోడ గడియారం ముల్లు నడుస్తోంది. పక్కనున్న అధికారి ఫోన్ చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కొమురమ్మ చీపురు ఆగిపోయింది. పెంటయ్య రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, ఆ ఒక్క అక్షరాన్ని కొండలా మోస్తూ నిలబడ్డాడు.

కింద కేబుల్ అందింది. పెద్దాయన గుడ్డా గిడ్డా చూడకుండా వట్టి చేత్తోనే లాక్కుని ఇనుముకు అదిమాడు. ఆయన చేతి మీద ఇంకో గార్డు చెయ్యి వేశాడు. దాని మీద రజిత వేసింది.

"...లేదు" అన్నాడు పెంటయ్య. "నిద్రపోలేదు. అజయ్ నిద్రపోలేదు మేడం. నేను నా కండ్లతోని చూసిన. ఆరోజు నాకు మాట రాలేదు. కాగితంల ఏం రాసిండ్రో నాకు చదువొస్తలేదు. తప్పు నాది గూడ ఉంది. గని ఆ పిలగాడు మాత్రం నిద్రపోలేదు."

ఆ తరువాత ఎక్కడా ఆగలేదు. బస్సు రివర్సు హారన్ మోగలేదని, డ్రైవరు ఫోన్ చెవికి పెట్టుకుని ఉన్నాడని అన్నీ చెప్పాడు. కిరణ్మయి తెలుగులో రాసుకుని, రాసిందంతా ఆయనకు పైకి చదివి వినిపించి, అప్పుడు సంతకం అడిగింది. రివర్సు హారన్ సంగతి చూడటానికి ఆ మధ్యాహ్నమే బస్సును తెప్పించారు. హారన్ వైరు ఎప్పుడో తెగి ఉంది.

పెంటయ్య బేస్‌మెంటుకు దిగేసరికి పెద్దాయన చేతిని రాజమ్మ నీళ్లలో ముంచి పెట్టింది. రజిత అరచేతిలో రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. పెంటయ్య ఏదో అనబోతే ఆమే అడ్డుకుంది. "ఇప్పుడేం అనకు. బండి షెడ్డుకు పోవాలె, ఆ బోల్టు తియ్యాలె."

సాయంత్రానికి కొత్త తీగ, కొత్త బోల్టు పడ్డాయి.

శనివారం కాంట్రాక్టరు ఆఫీసు నుంచి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. పాత బండ్లను తీసేస్తున్నారట, పెంటయ్య కారు సోమవారం నుంచి రానక్కరలేదట. పెంటయ్య దాన్ని పక్కింటి అమ్మాయితో రెండు సార్లు చదివించుకున్నాడు. కాసేపు గడపలో నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియలేదు, భయం కూడా వేసింది. "మదీనాగూడల కూరగాయలోళ్లకు బండి కావాలంటున్నరని రజిత చెప్పింది" అని కొమురమ్మ అంది. "రేపు ముందుగాల దవాఖానకు పోయొద్దాం."

ఆదివారం వాళ్లు వెళ్లేసరికి అజయ్ మంచం మీద కాలికి ఇనుప చట్రంతో పడుకుని ఉన్నాడు. రెండో ఆపరేషన్ ఖర్చు కంపెనీ తరఫున పెట్టుకుంటారని, తగ్గాక కంట్రోల్ రూములో కూర్చునే పని ఇస్తారని కిరణ్మయి ముందురోజే వచ్చి చెప్పి వెళ్లిందట. ఊరి నుంచి వచ్చిన అతని తల్లి కిటికీ దగ్గర కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. ఆ సంగతులన్నీ చెప్పాక కూడా అజయ్ మొహంలో వెలుగు రాలేదు. కళ్లు ఒక చోట నిలవడం లేదు.

"అన్నా, ఒకటి అడుగుత. నిజం చెప్తవా?"

"చెప్త."

"నన్ను కాపాడనీకి అట్ల చెప్పినవా, చూసింది చెప్పినవా?" అజయ్ గొంతు తగ్గించాడు. "నాకు ఆ పొద్దుది ఏమీ యాదికి లేదు. తలకు తాకింది గద. మూడు వారాలాయె, అందరు నిద్రపోయినవ్, పండినవ్ అనబట్టిరి. నేను గూడ పండిన్నేమో అనుకున్న. మా అమ్మకు గట్లనే చెప్పిన. నా తప్పేనే అన్న."

పెంటయ్య స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇను. ఆరు ఇరవైకి నువ్వు నా బండి కాడికొచ్చి టైమెంత అన్నవ్. చెప్పిన. టోపీ తీసి తల గోక్కున్నవ్. ఒకసారి ఆవులించినవ్, అదెందుకు దాస్త? గని కండ్లు మూయలేదు. ఇంతల బస్సు స్టార్టయింది. నువ్వు ఉరికినవ్. చెయ్యి ఊపుకుంట రా, రా, రా అని ఎనకకు రానిచ్చినవ్. ఇగ చాలన్న కాడ చెయ్యెత్తినవ్. ఆగలేదు. విజిల్ ఊదినవ్. ఆగలేదు. నువ్వు పక్కకు దుంకొచ్చు, జాగ ఉంది. గని ఎనక నా బండి ఉంది, బండిల నేనున్న. నువ్వు నా దిక్కు చూసినవ్. చూసి, తిరిగి బస్సును రెండు చేతులతోని కొట్టినవ్."

అజయ్ తన వైపు చూసి పక్కకు దూకకుండా నిలిచాడన్న ఈ మాట మీటింగులో కూడా చెప్పలేదు. చెబుతున్నప్పుడు పెంటయ్య ఎక్కడా ఆగలేదు.

అజయ్ కిటికీ వైపు మెడ తిప్పి తల్లిని పిలిచాడు.

"అమ్మా, అది ఆడ పెట్టి ఇట్ల రా. దగ్గరికి రా." ఆమె వచ్చి మంచం అంచున కూర్చునేదాకా ఆగాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఇంకోసారి చెప్పు. మొదటి నుంచి చెప్పు."

పెంటయ్య మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.